కొత్త మెరుపా? మంచి స్వరమా?

సంగీతానికి భాషాభేదం లేదన్నది పెద్దల మాట. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు కింద చదువుకునే మన కళాశాలలో ఆ మాటకు ప్రత్యక్ష సాక్ష్యం వార్షికోత్సవపు ఖవ్వాలీ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులం ఆ సాయంత్రం ఒకే జంపఖానా మీద కూర్చొని తాళం కలుపుతాం. అయితే ఆ గానానికి ప్రాణం పోసే బెంజో మాత్రం మనది కాదు. అద్దెకు వస్తుంది, మరునాడే వెళ్లిపోతుంది. కళాశాలకు సొంత బెంజో ఉండాలన్న కోరిక విద్యార్థులలో చాలాకాలంగా ఉన్నది. కొనదలచుకుంటే ఎటువంటిది కొనాలన్న విషయంలో మా అభిప్రాయాన్ని కమిటీ పెద్దల ముందు, తోటి విద్యార్థుల ముందు ఉంచుతున్నాం. అంగడిలో మెరిసే చవక కొత్తదాని కన్న, వాయించి పండిన పాత బెంజో మేలు. అటువంటిది దొరకనప్పుడు నేర్పరి చేత చెప్పి చేయించుకోవడం మేలు. ఇదే మా వాదన.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. బెంజో అనే పేరుతో లోకంలో రెండు వాయిద్యాలున్నాయి. ఒకటి అమెరికాది. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలింపబడినవారు సొరబుర్రకు తోలు బిగించి తీగలు కట్టుకున్న వాయిద్యం దానికి మూలం. రెండవది మన ఖవ్వాలీలో వినిపించేది. బుల్‌బుల్ తరంగ్ అని దానికి మరో పేరు. జపానులోని నగోయా నగరంలో 1912లో మొరిటా గోరో రూపొందించిన తైషోగోతో నుంచి ఇది పుట్టింది. పొడవాటి చెక్కపెట్టె, దానిపై తీగలు, ఆ తీగలను అదిమేందుకు టైపు మిషనుకు ఉన్నటువంటి మీటలు. ఎడమచేయి మీటలపై నడుస్తుంటే కుడిచేయి తీగలను పలికిస్తుంది.

విదేశీ వాయిద్యమని దీనిని చిన్నచూపు చూసేవారు లేకపోలేదు. హార్మోనియం మాత్రం ఈ నేలలో పుట్టినదా? 1940లో ఆలిండియా రేడియో దానిని నిషేధించింది; 1971 వరకు ఆ ఆంక్ష సడలలేదు. అయినా మన పల్లెల భజన గాని, పద్యనాటకం గాని, ఉరుసులలో ఖవ్వాలీ గాని హార్మోనియంను విడిచిపెట్టలేదు. వాయిద్యానికి పుట్టిన ఊరు కన్న పెరిగిన ఊరే ముఖ్యం. కడప దర్గా ఉరుసు నాటి ఖవ్వాలీ విన్నవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక పాత వస్తువు విషయం. ‘కళాశాలకు సెకండ్‌హ్యాండ్ సామానా?’ అని కొందరు నొసలు చిట్లించవచ్చు. అటువంటివారు అమెరికా బెంజో చరిత్రను ఒకసారి చూడాలి. అక్కడ బ్లూగ్రాస్ అనే జానపద సంగీత శైలి ఉన్నది. బిల్ మన్రో బృందంలో 1945లో చేరిన ఎర్ల్ స్క్రగ్స్ అనే యువకుడు మూడు వేళ్లతో బెంజో మీటి ఆ శైలికి కొత్త వేగాన్ని ఇచ్చాడు. ఆయన పేరుతో పెనవేసుకున్న గిబ్సన్ గ్రెనాడా బెంజో కొత్తగా కొన్నది కాదు. స్నఫీ జెంకిన్స్, డాన్ రెనో అనే వాద్యకారుల చేతులు మారి, చివరకు ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో స్క్రగ్స్‌కు చేరింది. రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వం తయారైన అటువంటి బెంజోలను అక్కడివారు నేటికీ వెదకి వెదకి కొంటారు. కొత్తవాటికి మించిన వెల పెట్టి కొనేవారూ ఉన్నారు. చెక్క ఆరి, లోహం కుదురుకొని, చేతి కింద నిలిచిన వాయిద్యం తన గుణాన్ని తానే రుజువు చేసుకున్నదని వారి నమ్మకం.

అయితే పాతదల్లా మంచిదని మేము అనడం లేదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పాత నగను మెరుపు చూసి ఎవరూ కొనరు. గీటురాయిపై గీసి, కాటాలో తూచి కొంటారు. బెంజోకూ గీటురాళ్లు ఉన్నాయి. మొదట పెట్టె అతుకులు విడిపోయాయేమో, తీగల లాగుడుకు పైచెక్క వంగిందేమో చూడాలి. ప్రతి మీటనూ ఒక్కొక్కటిగా నొక్కి వదలాలి. వెంటనే పైకి లేవని మీట పాటలో మోసం చేస్తుంది. మీట కింద మెట్టు అరిగి గాడి పడితే తీగ జుమ్మని చెడు నాదం పలుకుతుంది. తీగను వదిలి వాయించిన షడ్జమాన్ని, పై స్థాయిలో మీట నొక్కి పలికించిన షడ్జమంతో పోల్చాలి. రెండూ కలవకపోతే మొదట కొత్త తీగ వేసి మళ్లీ చూడాలి. అప్పటికీ కలవకుంటే మెట్లు బిగించిన కొలతే తప్పు. ఆ లోపాన్ని శ్రుతి చేసి సరిదిద్దలేము. తుప్పు పట్టిన తీగలు, సడలిన బిరడలు, మాసిన రంగు పెద్ద లోపాలు కావు. కొద్ది ఖర్చుతో బాగవుతాయి. బాగుపడే లోపమేదో, బాగుపడనిదేదో తెలిసినవాడే కొనుగోలుకు వెళ్లాలి.

ఇక చేయించుకోవడం మాటకొస్తే, అది మనకు కొత్త ఆచారం కాదు. బొబ్బిలి శిల్పులు పనస దుంగను తొలిచి వీణ చేసి ఇస్తారు. జమ్మలమడుగు ప్రాంతపు నేతగాడికి కావలసిన అంచు, రంగు చెప్పి చీర నేయించుకోవచ్చు. అట్లే బెంజోనూ గాయకుల శ్రుతికి తగిన తీగలతో, నేర్చుకునేవారి వేళ్లకు అందే మీటలతో చేయించుకోవచ్చు. చెక్క ఏది, మీటలు ఎన్ని, గడువు ఎంత, తర్వాత మరమ్మతు ఎవరిది అన్నవి ముందే కాగితంపై రాసుకోవాలి. బయానా కొంత ఇచ్చి, వాయించి చూచిన పిదపనే మిగిలిన సొమ్ము చెల్లించాలి.

కమిటీ వారికి కలిగే ఇబ్బందిని మేము ఎరుగుదుము. అంగడి సరుకుకు బిల్లు ఉంటుంది, కొటేషన్లు ఉంటాయి. పాత వాయిద్యానికి లెక్కలవారి ముందు ఏమి చూపాలి? ఇది న్యాయమైన ప్రశ్నే. ఒక అధ్యాపకుడు, ఒక విద్యార్థి, అనుభవం కలిగిన ఒక వాద్యకారుడు కలిసి వస్తువును పరీక్షించి సంతకాలతో నివేదిక ఇవ్వవచ్చు. అమ్మినవారి నుంచి రసీదు తీసుకోవచ్చు. వెలలో కొంత భాగాన్ని తీగలకు, మరమ్మతుకు ముందే విడిగా ఉంచవచ్చు. బిల్లు ఉన్నంత మాత్రాన మీటలు పలకవు గదా!

అన్నింటికన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. నేడు ఎలక్ట్రానిక్ కీబోర్డు ఒక్కటే అనేక వాయిద్యాల పని చేస్తున్నది. బెంజో పట్టే వృద్ధ కళాకారులకు పిలుపులు తగ్గుతున్నాయి. వారి తదనంతరం ఆ పెట్టె అటక ఎక్కుతుంది, లేదా పాత సామాను బండికి పోతుంది. వారి వద్ద వాయిద్యాన్ని సగౌరవంగా, తగిన వెల ఇచ్చి కొని, వారినే ఉస్తాదుగా పిలిపించి వారానికి ఒక సాయంత్రం నేర్పించమంటే కళాశాలకు వస్తువుతో పాటు విద్య కూడా దక్కుతుంది. కొత్త బెంజో ఏ నగరం నుంచైనా తెప్పించవచ్చు. దానిని పలికించే చేతిని మాత్రం పార్సిలులో తెప్పించలేము.

కొన్న తర్వాత దానిని బీరువాలో పెట్టి తాళం వేయరాదన్నది మా చివరి మనవి. వాడని వాయిద్యం తుప్పు పడుతుంది, వాడని చేయి మొద్దుబారుతుంది. కమిటీ పెద్దలు మా విన్నపాన్ని సానుభూతితో పరిశీలిస్తారని, తోటి విద్యార్థులు నేర్చుకొనడానికి ముందుకు వస్తారని ఆశిస్తున్నాం.