స్టూడియో యుద్ధంలో లెక్కకు రాని మనుషులు

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దాడికి దిగింది. అప్పటి నుంచి మన న్యూస్ చానళ్లలో మూడో ప్రపంచ యుద్ధం ఎన్నిసార్లు మొదలైందో లెక్కలేదు. గ్రాఫిక్స్ ట్యాంకులు, సైరన్ మోతలు, ఇదిగో అణుబాంబు పడుతోందంటూ అరుపులు. రెండు నెలలు తిరక్కముందే, ఏప్రిల్ 23న, కేంద్ర సమాచార, ప్రసార శాఖే చానళ్లను మందలిస్తూ అడ్వైజరీ ఇవ్వాల్సి వచ్చింది. ఢిల్లీ జహంగీర్‌పురి ఘటనల కవరేజీని కూడా అదే అడ్వైజరీ తప్పుపట్టింది. పరాయి దేశపు యుద్ధాన్ని ఆటలా చూపడం మరిగినవాళ్లు మన బస్తీ మీదికొచ్చిన బుల్డోజర్‌నూ ఆటలాగే చూపుతారు.

మీడియా మీద పీహెచ్‌డీ చేస్తున్న నన్ను ఆ అరుపులకంటే, వాటి మధ్య ఎవరి గొంతు వినబడదన్న ప్రశ్నే ఎక్కువ వేధిస్తోంది.

ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడు చనిపోయాడని 2024 మార్చి 6న మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. ఏజెంట్లు సోషల్ మీడియాలో జీతాలు ఆశచూపి, ఇలాంటివాళ్లను ఇష్టం లేకుండానే యుద్ధరంగానికి తోస్తున్నారని సీబీఐ చెప్పింది. ఏజెంట్లు ఎవరు? ఎంత గుంజారు? మిగిలినవాళ్లు ఎక్కడున్నారు? క్షిపణుల రేంజి చెప్పినంత శ్రద్ధగా రోజూ అడగాల్సిన ప్రశ్నలివి. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయిన కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు ఇవేమీ కొత్త కాదు.

2023 ఏప్రిల్‌లో సూడాన్ యుద్ధం మొదలైనప్పుడు, మూలికలు అమ్ముకోను వెళ్లిన కర్ణాటక హక్కిపిక్కి ఆదివాసులు అక్కడ చిక్కుకున్నారు. ఎన్నికల వేళ నాయకులు వాళ్ల గురించి ట్విట్టర్‌లో వాదులాడుకున్నాకే చానళ్లకు వాళ్లు కనబడ్డారు. ఆ తర్వాత సూడాన్‌లో యుద్ధం సాగుతూనే ఉన్నా, మన టీవీ అటు చూడటం దాదాపు మానేసింది.

2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనం పత్రికలు, చానళ్లు, వెబ్‌సైట్లలో 121 నాయకత్వ పదవులను పరిశీలించింది. 106 అగ్రకులాల చేతిలో ఉన్నాయి. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. మనవాళ్లు ఆ కుర్చీల్లో కూర్చున్నంత మాత్రాన యుద్ధాలు ఆగవు. కానీ కూలికోసం దేశం దాటినవాడు ఏమయ్యాడని అడిగే మనిషంటూ ఒకరు అక్కడ ఉంటారు.

అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్' పెట్టింది నోరులేనివాళ్ల మాట వినిపించడానికే. నూరేళ్లు దాటినా ఆ పని మిగిలే ఉంది. యుద్ధవార్త చూపే ప్రతి చానల్‌నూ మనం ముందుగా అడగాల్సింది ఒకటే: అక్కడ చస్తున్నది ఎవరి బిడ్డలు?