మన చుట్టుపక్కల: మోర్యర మనెలు

చుట్టాలు వస్తే బళ్ళారి తెలుగువాళ్ళం హంపీ చూపిస్తాం. తుంగభద్ర దాటి, గంగావతి దగ్గరి హిరేబెణకల్ వెళదామంటే మాత్రం "ఏముందండీ, బండలేగా" అంటారు. బండలే మరి! కొండమీద నాలుగువందల దాకా ఇనుపయుగపు సమాధులు, క్రీస్తుకు పూర్వం నాటివి. బండపలకలు నిలబెట్టి, పైన మరో పలక కప్పి, చాలావాటికి ఒకవైపు గుండ్రని కంత తొలిచారు. కొన్ని మనిషికంటే ఎత్తు.

అక్కడివాళ్ళకు ఇవి మోర్యర మనెలు, అంటే మోర్యుల ఇళ్ళు. ఈ మోర్యులు కథల్లో మూడు జానల మరుగుజ్జులు. మన తెలుగు పల్లెల్లోనేమో ఇటువంటివి రాక్షసగుళ్ళు! కంతను చూసినవారికి మరుగుజ్జులు, కప్పును చూసినవారికి రాక్షసులు తోచారు కాబోలు. నా ఓటు రాక్షసులకే. ఐర్లాండువాళ్ళు ఇంకా రసికులు, తమ రాతి సమాధులను పారిపోయిన ప్రేమజంట డియర్మిడ్, గ్రాన్యాల పడకలన్నారు.

బాధేమిటంటే, నిధులున్నాయని కొందరు పలకలు పగలగొట్టారు. ఇలాంటి సమాధుల్లో సాధారణంగా దొరికేవి కుండపెంకులు, ఎముకలు, ఇనుప సామాను. 2021లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినా, కాపాడవలసింది వెళ్ళే మనమే. నగారాలాంటి పెద్ద గుండొకటుంది, కొడితే దూరానికి మోగుతుంది. పిల్లల్ని రాళ్ళతో కొట్టనివ్వకండి, ఇప్పటికే దెబ్బలు తిన్నది.

ఎండెక్కకముందే బయల్దేరండి, నీళ్ళు మరవకండి. తోవ చూపడానికి ఊళ్ళో మనిషిని అడిగితే మోర్యుల కథ కూడా వినవచ్చు.