శిక్ష పడ్డాక ముప్పై రోజులు

నెల్లూరు జిల్లా తీరంలో రేవు రావాలన్నా, కరెంటు ప్లాంటు రావాలన్నా, రోడ్డు వెడల్పు కావాలన్నా ముందు ఎవరిదో ఒకరి పొలం పోవాలి. పోయిన పొలానికి డబ్బులు అడిగే దారి తాసిల్దారు ఆఫీసులో మొదలై, ఓపిక ఉన్నవాళ్లను హైకోర్టు దాకా తీసుకెళుతుంది. కోర్టులో గెలిచిన తర్వాత ఏమవుతుందో ఈ జిల్లా నుంచే వెళ్లిన ఒక కేసు చెబుతుంది.

ఒక మహిళా రైతు భూమిని తీసుకుని ఒక జాతీయ సంస్థకు కేటాయించారు. ఆమెకు మూడు నెలల్లో పరిహారం ఇవ్వండని 2017 ఫిబ్రవరిలో హైకోర్టు ఆదేశించింది. ఇవ్వలేదు. ఆమె కోర్టు ధిక్కార పిటిషన్ వేశారు. డబ్బు కదిలేసరికి 2021 వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్ 2న జస్టిస్ బట్టు దేవానంద్ ఐదుగురు ఐఏఎస్ అధికారులకు జైలు శిక్ష, జరిమానా విధించారు. రైతుకు ఖర్చుల కింద లక్ష రూపాయలు ఇవ్వమన్నారు. అప్పీలు చేసుకునేందుకు వీలుగా శిక్ష అమలును నెల రోజులు నిలిపివేశారు.

ఐఏఎస్‌లకు జైలు అన్న మాట పెద్ద అక్షరాల్లో అచ్చయింది. ఆ నెల రోజుల సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నా దృష్టిలో చూడాల్సింది దాన్నే.

1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 19వ సెక్షన్ ప్రకారం సింగిల్ జడ్జి శిక్ష వేస్తే డివిజన్ బెంచికి అప్పీలు చేసుకోవడం హక్కు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. గడువు ముప్పై రోజులు. బెంచే శిక్ష వేస్తే సుప్రీంకోర్టుకు అరవై రోజులు. మరి జడ్జి శిక్ష వేయకుండా కేసు మూసేస్తే? రైతుకు ఆ సెక్షన్ కింద అప్పీలు లేదు. శిక్ష వేసిన ఉత్తర్వు మీదే అప్పీలు ఉంటుందని మిడ్నపూర్ సహకార బ్యాంకు కేసులో 2006లో సుప్రీంకోర్టు తేల్చేసింది. రైతు ఢిల్లీ వెళ్లి, రాజ్యాంగం 136వ అధికరణం కింద, అయ్యా నా మాట వినడానికి అనుమతి ఇవ్వండని అడుక్కోవాలి. ధిక్కారం జరిగిన ఏడాదిలోపు కదలకపోతే 20వ సెక్షన్ అడ్డం వస్తుంది, అసలు కేసే నడవదు.

జైలుకు పోయేవాడికి అప్పీలు హక్కుగా ఉండాల్సిందే. దాన్ని నేను కాదనను. పైగా కలెక్టర్ల కుర్చీ సంగతి తెలిసిందే. తీర్పు వచ్చినప్పుడు ఒకరు, కౌంటరు వేసేటప్పుడు మరొకరు, శిక్ష పడేటప్పుడు ఇంకొకరు. పరిహారం బిల్లు ఆర్థిక శాఖలో ఆగితే జిల్లాలో కూర్చున్న మనిషి చేయగలిగింది ఎంత? అది చెప్పుకోవడానికి పై కోర్టు కావాలి. ముప్పై రోజుల్లో చెప్పుకోవాలి.

పేచీ ఆ ముప్పై రోజులు దాటాకే వస్తుంది. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ పడుతుంది. ఫైలు ఫలానా సెక్షన్‌కు వెళ్లింది, అక్కడినుంచి లీగల్ ఒపీనియన్‌కు వెళ్లింది, ప్రభుత్వ ప్లీడరు దగ్గరికి వచ్చేసరికి గడువు దాటింది, ఇదీ కథ. ఇలాంటి పిటిషన్లన్నీ తలచుకునే తీర్పు 1987 నాటి కాతీజీ కేసు. ఉదారంగా చూడమని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. తమాషా ఏమిటంటే అక్కడ అప్పీలుదారు కూడా భూసేకరణ కలెక్టరే, అనంతనాగ్ కలెక్టర్. ఆలస్యం మాత్రం నాలుగంటే నాలుగు రోజులు. 2012లో తపాలా శాఖ 427 రోజుల ఆలస్యంతో వచ్చినప్పుడు, ప్రభుత్వానికి వేరే గడియారం లేదని అదే కోర్టు తిప్పి పంపింది. 2020లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజులు ఆలస్యంగా వస్తే పాతికవేలు జరిమానా వేసి, బాధ్యులైన అధికారుల నుంచి వసూలు చేయమంది.

గడువులో వేసిన అప్పీలు కూడా ఎంత దూరం సాగుతుందో గుంటూరు చూపించింది. హైకోర్టు వద్దన్నా గుడిసెలు తీయించిన తాసిల్దారు తాతా మోహన్‌రావుకు 2015లో సింగిల్ జడ్జి రెండు నెలల జైలు వేశారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టులో ముగిసింది 2025 మేలో. ఈ మధ్యలో ఆయన డిప్యూటీ కలెక్టర్ అయ్యారు. జస్టిస్ గవాయ్ బెంచ్ జైలు తప్పించి, ఆయన్ని మళ్లీ తాసిల్దారుగా దించి, లక్ష జరిమానా వేసింది. జైలుకన్నా ఆ దించుడే అధికార వర్గాల్లో ఎక్కువ వేడి పుట్టించి ఉంటుందని నా అనుమానం.

చట్టం మార్చక్కర్లేదు. ఆదేశాన్ని ఇంకా అమలు చేయని వాడి అప్పీలునైనా బెంచి వినవచ్చునని 19వ సెక్షన్‌లోనే ఉంది. వినవచ్చు అంటే వినక తప్పదని కాదు. కనక పరిహారం కేసుల్లో అధికారి అప్పీలు వేసిన రోజే బెంచి అడగాల్సిన మొదటి ప్రశ్న, రైతు ఖాతాలో డబ్బు పడిందా అని. పడకపోతే శిక్ష మీద స్టే ఎందుకు? ఇక ఆలస్య మన్నింపు పిటిషన్‌లో ఫైలు ఏ టేబుల్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కూర్చుందో రాయించాలి. ఆ టేబుల్ ఎవరిదో వాళ్ల జీతంలోంచే ఆలస్యానికి వేసే ఖర్చులు పట్టుకోవాలి. మధ్యప్రదేశ్‌కు చెప్పిన మాటను ఆంధ్రప్రదేశ్‌కు చెప్పడానికి కొత్త తీర్పేమీ అక్కర్లేదు.