టేలర్ స్విఫ్ట్, మైక్రోసాఫ్ట్‌కి ‘డాట్ పోర్న్’ అడ్రస్‌లు ఎందుకు? బ్రాండ్ల భయమే అక్కడ బిజినెస్!

పాప్ స్టార్ టేలర్ స్విఫ్ట్ పేరుతో ‘డాట్ పోర్న్’ అడ్రస్ ఉంది. దాన్ని కొన్నది ఏ ఆకతాయో కాదు, టేలర్ స్విఫ్ట్ టీమే! 2015లో మైక్రోసాఫ్ట్ కూడా ‘ఆఫీస్ డాట్ పోర్న్’, ‘ఆఫీస్ డాట్ అడల్ట్’ పేర్లు ముందే బుక్ చేసుకుంది. వాటిలో వెబ్‌సైట్ పెట్టాలని కాదు.. అసలు ఎవరూ పెట్టకూడదని! వాడని అడ్రస్‌కి డబ్బులు కట్టడం ఏంటి? ఈ ఖర్చుతో లాభం ఎవరికి? ఒకసారి చూద్దాం.

అసలు కథ ఎక్కడ మొదలైంది?

వెబ్‌సైట్ అడ్రస్‌లో చివర వచ్చే డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి వాటిని టాప్ లెవల్ డొమైన్లు అంటారు. వీటిలో కొత్తవి రావాలంటే అమెరికా కేంద్రంగా పనిచేసే ఐక్యాన్ సంస్థ ఓకే చెప్పాలి. అడల్ట్ సైట్ల కోసం ‘డాట్ ట్రిపుల్ ఎక్స్’ కావాలని ఐసీఎం రిజిస్ట్రీ అనే కంపెనీ ఏళ్ల తరబడి పట్టుబట్టింది. ఐక్యాన్ 2005లో సూత్రప్రాయంగా సరేనంది. 2007లో కాదంది. రివ్యూ ప్యానెల్ దాకా వెళ్లాక చివరికి 2011 మార్చిలో ఆమోదం తెలిపింది.

అక్కడే మెలిక పడింది. డొమైన్ల లెక్క సింపుల్.. ముందు వచ్చినవాళ్లకే పేరు. మీ కంపెనీ పేరు పక్కన ట్రిపుల్ ఎక్స్ తగిలించి ఎవరో కొనేస్తే? కస్టమర్ గూగుల్‌లో వెతికితే అదే కనిపిస్తే? ఈ భయానికి ఐసీఎం ఒక రేటు పెట్టింది. 2011 సెప్టెంబర్ 7 నుంచి అక్టోబర్ 28 వరకు ‘సన్‌రైజ్’ పేరుతో విండో తెరిచింది. అడల్ట్ బిజినెస్‌తో సంబంధం లేని ట్రేడ్‌మార్క్ ఓనర్లు సుమారు 200 డాలర్లు ఒకసారి కడితే ఆ పేరు పదేళ్లపాటు లాక్ అయిపోతుంది. ఈ విండోలో మొత్తం 80 వేల వరకు దరఖాస్తులు వచ్చాయి.

యూనివర్సిటీలు కూడా క్యూ కట్టాయి

కంపెనీలే కాదు, అమెరికాలో యూనివర్సిటీలు కూడా హడావిడి పడ్డాయి. కాన్సస్ యూనివర్సిటీ ‘కేయూ గర్ల్స్’, ‘కేయూ నర్సెస్’ లాంటి పేర్లను డాట్ ట్రిపుల్ ఎక్స్‌లో కొనేసింది. మొత్తం ఖర్చు దాదాపు 3 వేల డాలర్లు. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఇలాంటి కాలేజీలు, బ్యాంకులు, బ్రాండ్లు వేలల్లో ఉంటే ఆ లెక్క ఎక్కడికి పోతుందో ఊహించుకోండి.

విచిత్రం ఏంటంటే, ఎవరి కోసం ఈ డొమైన్ అన్నారో ఆ అడల్ట్ ఇండస్ట్రీలోనే చాలామంది దీన్ని వద్దన్నారు. అప్పట్లో యూపోర్న్ సైట్ నడిపిన మాన్‌విన్ కంపెనీ 2011 నవంబర్‌లో ఐసీఎం, ఐక్యాన్‌లపై కోర్టుకెక్కింది. మాకు అవసరం లేకపోయినా పేరు కాపాడుకోవడానికి బలవంతంగా కొనిపిస్తున్నారన్నది వాళ్ల వాదన.

తలుపులు పెరిగే కొద్దీ తాళాలు

ట్రిపుల్ ఎక్స్‌తో ఆగిపోతే సరిపోయేది. 2012లో ఐక్యాన్ కొత్త డొమైన్లకు తలుపులు బార్లా తీసింది. ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్ల ఫీజు పెట్టినా 1,900కి పైగా వచ్చాయి. అలా 2015లో డాట్ పోర్న్, డాట్ అడల్ట్ మార్కెట్లోకి వచ్చాయి. అదే ఏడాది తిట్టు లాంటి ‘డాట్ సక్స్’ కూడా దిగింది. ట్రేడ్‌మార్క్ ఓనర్లకు దాని సన్‌రైజ్ ధర ఏడాదికి 2,499 డాలర్లు! అంటే అప్పటి రేటులో లక్షన్నర రూపాయల పైమాటే. విమర్శలు గట్టిగా రావడంతో ఇది చట్టబద్ధమో కాదో చూడమని అమెరికా, కెనడా ప్రభుత్వ సంస్థలకు ఐక్యానే లేఖ రాయాల్సి వచ్చింది.

ఇక 2011లో కట్టిన ఆ పదేళ్ల లాక్ గడువు 2021తో ముగిసింది. దాని స్థానంలో ‘అడల్ట్ బ్లాక్’ అనే సర్వీస్ వచ్చింది. ట్రిపుల్ ఎక్స్, పోర్న్, అడల్ట్, సెక్స్.. నాలుగింటిలోనూ ఒకేసారి పేరు బ్లాక్ చేస్తారు. మళ్లీ ఫీజు, మళ్లీ రెన్యువల్. ఒకసారి మొదలుపెడితే ఆపడం కష్టం. ఎందుకంటే ఆపిన రోజు ఆ పేరు వేరేవాళ్లకు దొరికే ఛాన్స్ ఉంటుంది.

కోర్టుకు వెళ్తే పోదా?

వెళ్లొచ్చు. 1999 నుంచి యూడీఆర్‌పీ అనే అంతర్జాతీయ విధానం ఉంది. పేరు మీ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందని, అవతలివాళ్లకు దానిపై హక్కు లేదని, దురుద్దేశంతోనే కొన్నారని నిరూపిస్తే డొమైన్ మీకు వస్తుంది. అయితే వైపోలో సింగిల్ మెంబర్ ప్యానెల్‌కే ఫీజు 1,500 డాలర్లు. లాయర్ ఖర్చు అదనం. గెలిచినా నష్టపరిహారం రాదు. అందుకే 200 డాలర్లు కట్టేసి నిద్రపోదాం అని కంపెనీలు అనుకున్నాయి.

మన దగ్గర దీనికి బేస్ లాంటి తీర్పు ఒకటుంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ గ్రూపులో పుట్టిన సత్యం ఇన్ఫోవే (సిఫీ) తన పేరులాంటి ‘సిఫ్ఫీనెట్’ డొమైన్లపై కోర్టుకెళ్లింది. కర్ణాటక హైకోర్టులో ఎదురుదెబ్బ తగిలినా 2004లో సుప్రీంకోర్టు సిఫీ వైపే నిలిచింది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని తేల్చింది. డాట్ ఇన్ గొడవలకు విడిగా ఐఎన్‌డీఆర్‌పీ విధానం కూడా ఉంది.

మరి ఎవరు కొనాలి?

అన్నీ కొనడం ఎవరివల్లా కాదు. ఒక అక్షరం మార్చినా, మధ్యలో గీత పెట్టినా కొత్త పేరే కదా! పెద్ద బ్రాండ్లకు ఈ ఖర్చు చిల్లర. అదే చిన్న కోచింగ్ సెంటర్‌కో, పచ్చళ్ల ఆన్‌లైన్ షాపుకో ఇది భారమే. వాళ్లకు ముందు కావాల్సింది వేరే: ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించుకోవడం, డాట్ కామ్, డాట్ ఇన్ చేతిలో ఉంచుకోవడం, రెన్యువల్ డేట్ మర్చిపోకపోవడం. నిజంగా కస్టమర్లను ముంచేది ఎక్కువగా అడల్ట్ అడ్రస్ కాదు, అచ్చం మీ సైట్‌లాగే కనిపించి పేమెంట్ అడిగే నకిలీ లింక్.

ఐక్యాన్ షెడ్యూల్ ప్రకారం కొత్త డొమైన్ల తర్వాతి రౌండ్ 2026 ఏప్రిల్ 30 నుంచి. దరఖాస్తు ఫీజు 2,27,000 డాలర్లు. అంటే మరిన్ని కొత్త తలుపులు వస్తాయన్నమాట. పేరు కాపాడుకోవాల్సిన బాధ్యత ఓనర్‌దే, ఫీజు మాత్రం తలుపు పెట్టినవాళ్లకే అన్న రూల్ మారనంత కాలం ఈ భయం బిజినెస్ నడుస్తూనే ఉంటుంది.