పాటకు పోలీసు వ్యాఖ్యానం

ఈ సంవత్సరం వార్షికోత్సవంలో పాల్గొనదలచినవారు పేర్లు ఇవ్వవలసిందని నోటీసు పెట్టినప్పుడు, డిగ్రీ ద్వితీయ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి తన అంశాన్ని ‘డ్రిల్’ అని వ్రాసి ఇచ్చాడు. కమిటీ పెద్దలలో ఒకరు అది ఎన్.సి.సి. కవాతు అనుకొని సంతోషించారు. ఇంటిలో మనుమల వలన సంగతి కొంత తెలిసిన మరొకరు, అది కత్తులు పట్టుకొని తిరిగే కుర్రవాళ్ల పాట అనీ, మైనారిటీ కళాశాల వేదికమీద అటువంటిది వినిపిస్తే రేపు నలుగురూ ఏమంటారనీ ఆక్షేపించారు. ఆ భయం నిష్కారణమైనదని మేము అనము. కాని తెలియనిదానిని గూర్చి తీర్పు చెప్పడం అధ్యాపకులకు తగదు గనుక, ఆ పాట పుట్టుపూర్వోత్తరాలను, ముఖ్యంగా ఒక యువగాయకుని తొలి సంవత్సరాల చరిత్రను చదివి తెలుసుకొన్నాము.

డ్రిల్ అమెరికాలోని చికాగో నగరపు దక్షిణ భాగంలో, 2010 ప్రాంతాలలో, బీద నల్లజాతి యువకుల మధ్య పుట్టింది. 2012లో చీఫ్ కీఫ్ అనే పదహారేళ్ల బాలుడు గృహనిర్బంధంలో ఉండి, అవ్వ ఇంటిలోనే చిత్రీకరించిన పాట ఒకటి దేశమంతటా మారుమ్రోగింది. అక్కడి నుండి అది లండన్‌కు చేరి, నిముషానికి సుమారు 140 దరువుల వేగంతో, జారిపోతున్నట్లు వినిపించే మంద్రస్వరంతో, ముసుగు ధరించిన ముఖాలతో వేరొక రూపం దాల్చింది. రాగం తక్కువ, మాట ఎక్కువ. ఆ మాటలో అధికభాగం ఎదుటి పేటవారిని బెదిరించడం, ఎగతాళి చేయడం.

మేము చెప్పదలచిన యువకుని పేరు రీస్ హెర్బర్ట్. పాటలలో డిగ్గా డీ. 2000లో జన్మించి, పశ్చిమ లండన్‌లోని లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో పెరిగాడు. కోటీశ్వరుల మేడలూ బీదల ప్రభుత్వ గృహాలూ ప్రక్కప్రక్కనే ఉండే ప్రాంతమది. 2017 జూన్‌లో 72 మందిని బలిగొన్న గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం ఆ చేరువలోనే జరిగింది. అది రమజాన్ మాసం. సహరీకి మేల్కొని ఉన్న ముస్లిములు కొందరు ఇరుగుపొరుగువారిని నిద్రలేపిన సంగతి మన పాఠకులలో కొందరికి గుర్తుండవచ్చు. ఆ సంవత్సరమే ఈ బాలుడు ‘టెన్ ఇలెవెన్’ అనే మిత్రబృందంతో కలిసి పాడిన పాటను యూట్యూబ్‌లో లక్షలాదిమంది చూశారు. ఆ సంవత్సరమే అతనికి పదిహేడేళ్లు నిండాయి.

ఆ నవంబరులోనే బృందంలోని యువకులు మచ్చుకత్తులతో, బేస్‌బాల్ బ్యాట్లతో పోలీసులకు చిక్కారు. వీడియో చిత్రీకరణకు వెళుతున్నామని వారన్నారు. ప్రత్యర్థులమీద దాడికి వెళుతున్నారని పోలీసులన్నారు. 2018లో న్యాయస్థానం పోలీసుల మాటనే నమ్మి శిక్షలు వేసింది. ఇంతవరకు మాకు ఆక్షేపణ లేదు. కత్తి పట్టుకొని వీధిలోకి వచ్చినవాడు గాయకుడైనా గుమాస్తా అయినా శిక్షార్హుడే.

విశేషం ఆ తరువాత ఉన్నది. శిక్షతోపాటు న్యాయస్థానం ఒక నిషేధాజ్ఞ కూడ ఇచ్చింది. పాటలలో హింసను, మరణాలను గూర్చి పాడరాదు. కొత్త పాట విడుదల చేసిన 24 గంటలలోగా పోలీసులకు తెలియజేయాలి. సభలో పాడదలిస్తే 48 గంటల ముందే చెప్పాలి. ఆజ్ఞను ఉల్లంఘిస్తే మరల జైలు. ఇది కేవలం బెదిరింపు కాదు. స్కెంగ్‌డో, ఏఎం అనే మరి ఇద్దరు లండన్ గాయకులకు, అటువంటిదే ఒక ఆజ్ఞను ధిక్కరించి సభలో ఒక పాట పాడినందుకు, 2019 జనవరిలో తొమ్మిది నెలల జైలుశిక్ష విధించి అమలును నిలిపి ఉంచారు. ఇంగ్లండులో కోర్టులలో డ్రిల్ పాటలకు అర్థం చెప్పే ‘నిపుణుడు’ తరచుగా పోలీసు అధికారే. మల్లినాథసూరి కూర్చోవలసిన పీఠంమీద సబ్ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడన్నమాట. సాహిత్యం బోధించేవారికి ఇది నవ్వు పుట్టించవచ్చు. జైలుకు పోయేవానికి నవ్వు రాదు.

కవి ‘నేను’ అన్న ప్రతిచోటా అది కవియే అనుకొనడం మొదటి పొరపాటు. రియాజ్ ఖైరాబాదీ జీవితమంతా మద్యంమీద షేర్లు చెప్పి, దానిని ఒక్క చుక్క కూడ ముట్టలేదని ప్రసిద్ధి. క్షేత్రయ్య నాయిక నోట పలికాడు. తిట్టు మాత్రం కవిత్వానికి కొత్తదా? మన వేములవాడ భీమకవి తిడితే శాపమై తగిలేదని కథలు. ఉర్దూలో హజ్వ్ చెప్పడంలో మీర్జా సౌదాకు సాటిలేదు. ఎవరిమీదనైనా కోపం వస్తే గుంచా అనే నౌకరును పిలిచి కలందాన్ తెమ్మనేవాడట. ఇక 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చిన తరువాత తెలుగు తెరమీద లేచిన కొడవళ్లకు లెక్క లేదు. ఆ కథానాయకులెవరూ తమ పాటను ముందుగా పోలీసు స్టేషనులో వినిపించలేదు. సినిమావారి హింస వినోదమనీ, బీదపేట కుర్రవాని హింస నేరాంగీకారమనీ తీర్మానించడంలో న్యాయం ఎంత, వర్గభేదం ఎంత అన్నది ఆలోచించవలసిన విషయం.

ఐతే ఆ గాయకుల అభిమానులు చెప్పే మాట కూడ మాకు పూర్తిగా రుచించదు. ఇది కేవలం కళ అంటారు. రియాజ్ సాహెబ్ సీసాను పొగిడితే ఎవరికీ గాయం కాలేదు. డ్రిల్‌లో నిజంగా చనిపోయిన పిల్లవాని పేరు చెప్పి నవ్వడం ఉన్నది. ఆ పిల్లవాని తల్లి అదే పేటలో ఉంటుంది, అదే పాట ఆమె కిటికీ క్రింద మ్రోగుతుంది. దానికి కవిత్వమనే పేరు పెట్టి సమర్థించడానికి మా నోరు రాదు. అటువంటి పాటను ఆ తల్లి కోర్టుకు లాగితే మేము ఆమె పక్షమే. అది పాడిన తరువాత, పాడిన మాటకు, విచారణ జరిపి చెప్పే తీర్పు. పాడబోయే ప్రతి పాటమీద ఏండ్ల తరబడి పోలీసు చూపు ఉంచడం వేరు సంగతి. స్వరాజ్యోద్యమకాలంలో తెల్లదొరతనాన్ని నిరసించిన పాటకు గరిమెళ్ల సత్యనారాయణను జైలుకు పంపినదీ ఆంగ్లేయ న్యాయమే. గరిమెళ్లకూ ఈ కుర్రవానికీ పోలిక లేదు, ఆయన దొరలను ఎదిరించాడు, ఇతడు తనవంటి బీదవారినే తిట్టాడు. కాని పాటను చూచి ప్రభుత్వం భయపడే తీరులో మాత్రం పెద్ద మార్పు కనబడదు.

ఇంతకూ ఆ ఆజ్ఞ సాధించినదేమిటి? 2020లో బీబీసీ అతనిమీద డాక్యుమెంటరీ తీసింది. 2022లో అతని ఆల్బం బ్రిటన్‌లో ప్రథమస్థానం పొందింది. నిషేధం అతనికి ప్రచారమే అయింది. 2024 ఫిబ్రవరిలో గంజాయి వ్యవహారంలో మరల అరెస్టయి, తరువాత నేరం ఒప్పుకొన్నాడు. పాటను కట్టడి చేసినవారు అతని జీవితాన్ని చక్కదిద్దలేకపోయారు. కీర్తి కూడ చక్కదిద్దలేదు. ఈ రెండవమాట మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలని మా కోరిక.

ఇక మన విద్యార్థి సంగతి. అతని నోటుబుక్కు మేము చదివాము. సగం తెలుగు, సగం మన దక్కనీ. రాత్రివేళ ఆటో నడిపే తండ్రి, ఫైనాన్సువాళ్లు గుంజుకుపోయిన బండి, పేరు వినగానే అద్దెకు ఇల్లు లేదన్న యజమాని అందులో ఉన్నారు. కత్తి ఒక్కచోట వస్తుంది, అదీ మాంసం దుకాణంలో. ఒక పాటలో తోటి విద్యార్థిని పేరు పెట్టి ఎగతాళి చేశాడు, తీసివేయమన్నాము. కొంత గొణిగి తీసివేశాడు. మేము చేసిన సెన్సారు అంతే, అదైనా కారణం చెప్పి చేశాము.

కమిటీ నిర్ణయం ఇంకా వెలువడలేదు. నోటుబుక్కు స్టాఫ్ రూములో మా దగ్గరే ఉన్నది. పెద్దలు దయచేసి వచ్చే సమావేశానికి ముందు ఒకసారి తెప్పించుకొని చదవవలసిందిగా ప్రార్థిస్తున్నాము. దక్కనీ పాటలను ఉర్దూ శాఖవారు చదివి వినిపించడానికి ఒప్పుకొన్నారు.