ఫిల్టరులోని మసి ఎక్కడికి పోవును?

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిదప, మన డీజిల్ కార్ల పొగమార్గమున మసిని పట్టియుంచు ఫిల్టరు చేరినది. దూరప్రయాణమున అది సుమారు 600 డిగ్రీల వేడిలో ఆ మసిని తానే కాల్చివేయును. నగర వీధులలో కొద్దిదూరములే తిరుగు బండికి ఆ అవకాశము లేక ఫిల్టరు మూసికొనిపోవును.

అంతట కొందరు దానిని ఊడదీసి ఇంటి పెరటిలో నీటిధారతో కడుగుచున్నారు. ఖర్చు తగ్గుననుట నిజమే. కాని ఆ మసి మురుగుకాలువకును, ఎండి ఎగిరినచో పిల్లల ఊపిరితిత్తులకును చేరును. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2012లోనే ప్రకటించినది. పైగా నీటి ఒత్తిడికి లోపలి పలుచని గోడలు పగులవచ్చును.

విద్యార్థి మిత్రులారా! హెచ్చరిక దీపము వెలుగగానే బండిని రహదారిపై కొంతదూరము నడుపుడు. అప్పటికిని తీరనిచో తగిన యంత్రములున్న కార్ఖానాకు అప్పగింపుడు. గాలికి తప్పించిన విషమును ఇంటివాకిట పారబోయుట శుభ్రత కానేరదు.