బ్రూక్లిను వారి మైదానము

పుట్టిన యింటిపై మమకారము సహజము. టిక్కెట్టు కొని, కొన్ని గంటలు కూర్చుండి వచ్చిన స్థలముపైన అంతటి మమకారము కలుగుట వింతగా తోచును. న్యూయార్కు నగరములో భాగమైన బ్రూక్లినునందలి ఎబెట్స్ ఫీల్డు అట్టి స్థలము. అది బేస్‌బాల్ మైదానము. ఆ ఆట మన మెరిగిన క్రికెట్టునకు దూరపు చుట్టము. అచ్చటి డాడ్జర్స్ జట్టు 1957లో ఊరు విడిచినది. నాడు తండ్రి చేయి పట్టుకొని ఆటకు వెళ్ళిన బాలురు నేడు వృద్ధులు. అయినను ఆ మైదానపు ముచ్చట వారి నోట నిలిచియే యున్నది.

చార్లెస్ ఎబెట్స్ అను జట్టు యజమాని, చెత్త పోయు పల్లపు నేలను కొని కట్టించిన యీ మైదానము 1913లో ప్రారంభమైనది. తరువాతి కాలమున అందు సుమారు 32,000 ఆసనములుండెను. స్థలము ఇరుకు, ఆ యిరుకే దానికి శోభ. ప్రేక్షకుల కేకలు ఆటగాండ్ర చెవిని పడుచుండెను. హిల్డా చెస్టర్ అను అభిమానురాలు గంట మ్రోగించి జట్టును ప్రోత్సహించుచుండెను. స్కోరు బోర్డు క్రింద ఒక బట్టల వర్తకుని ప్రకటన యుండెను: కొట్టిన బంతి దానిని నేరుగా తాకినచో ఆటగానికి సూటు బహుమానము! 1941 మొదలు 1953 వరకు ఐదు మారులు ఆ జట్టు ప్రపంచ పోటీ తుది ఘట్టమున యాంకీస్ జట్టుచే ఓడెను. ఓడిన ప్రతిసారియు అభిమానులు “వచ్చే యేడు చూతము” అనుకొనిరి. ఆ వచ్చే యేడు 1955లో వచ్చినది.

ఇంతవరకు తీపి జ్ఞాపకమే. కాని ఆ మైదానమునకు చరిత్రలో స్థానము కల్పించిన దినము వేరు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అను నల్లజాతి యువకుడు డాడ్జర్స్ పక్షమున అచ్చట ఆడెను. దశాబ్దములుగా ప్రధాన జట్లు నల్లవారికి మూసి యుంచిన ద్వారము నాడు తెరచుకొన్నది. ప్రత్యర్థులు ఆయనను జాతిపేరున దూషించిరి. ఆయన మారు పలుకక ఆటతోనే బదులు చెప్పెను. 1949లో లీగునందు అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. ఆ చప్పట్లను తలచుకొని, ఆ దూషణలను మరచుట న్యాయము కాదు.

వియోగ కథయు అట్టిదే. యజమాని వాల్టర్ ఓమాలీ బ్రూక్లినులోనే క్రొత్త మైదానము కొరకు స్థలము కోరెను. నగర నిర్మాణమున పెత్తనము గల రాబర్ట్ మోజెస్ అందుకు సమ్మతింపలేదు. 1957 సెప్టెంబరు 24 రాత్రి జరిగిన తుది ఆటకు వచ్చినవారు 6,702 మంది మాత్రమే. దీనిని బట్టి ప్రజలు జట్టును విడిచిరనుట పొరపాటు. ఆ యేడు మొత్తము పది లక్షలకు పైగా జనము వచ్చిరి. కాని పోవుటకును ఉండుటకును వారి సమ్మతి నడిగినవారు లేరు. జట్టు లాస్ ఏంజిలిసుకు తరలిపోయెను. 1960 ఫిబ్రవరిలో మైదానమును కూల్చుటకు తెచ్చిన ఇనుప గుండునకు బేస్‌బాల్ బంతివలె రంగు పూసిరి! నేడచ్చట నివాస భవనములున్నవి.

2009లో న్యూయార్కునందే ప్రారంభమైన సిటీ ఫీల్డు, ముఖభాగమున ఎబెట్స్ ఫీల్డును పోలియున్నది. అందలి ప్రవేశ మందిరమునకు రాబిన్సన్ పేరు పెట్టిరి. ఇటుకల పోలికకంటె ఆ పేరే మిన్న.

పోయినదానిని తలచుట దౌర్బల్యము కాదు. హక్కుపత్రములలో చోటులేని సామాన్యునకు జ్ఞాపకమే సాక్ష్యము. సాక్ష్యమునకు సత్యము ప్రాణము. ఉపాధ్యాయులు విద్యార్థులచే పెద్దల జ్ఞాపకములను వ్రాయించునపుడు “ఎంత బాగుండెడిది?” అని మాత్రమే అడిగించి ఊరకుండరాదు. “అచ్చట ఎవరికి చోటు లేకుండెను? చివరకు నిర్ణయించిన వారెవరు?” అనియు అడిగింపవలెను. అపుడే జ్ఞాపకము చరిత్రకు అక్కరకు వచ్చును.